మేకు లేని గోడ

ఇది చిన్న కథ. పొయ్యి మీది చాయ్ పొంగేలోపు అయిపోతుంది. కాకపోతే ముందు పాండురంగం ఇంటి సంగతి చెప్పాలి.

పాండురంగం ఎల్బీ నగర్ పాతకాపు. జొన్నచేను ప్లాట్లయ్యాక, తన వంతు ప్లాటులో మూడంతస్తులు కట్టి కింద తానుండి పైవి కిరాయికి ఇచ్చాడు. ఇల్లు చూడడానికి వచ్చినవాళ్ళకు నీళ్ళ సంగతి చెప్పడు, కరెంటు సంగతి చెప్పడు. ఒక్కటే చెబుతాడు: గోడకు మేకు కొట్టొద్దు. దేవుడి పటమైనా, పెళ్ళి ఫోటో అయినా కిందే పెట్టుకోవాలి. సొంత మామ పోతే ఆయన పటాన్ని కూడా ఫ్రిజ్ మీద నిలబెట్టిన మనిషి. అప్పుడప్పుడు మెట్లెక్కి వచ్చి, సంతలో ఎద్దును తడిమినట్టు గోడలను అరచేత్తో తడిమి పోతాడు. ఆయన భార్యను కూడా అంత జాగ్రత్తగా చూసుకోలేదని వీధిలో అంటారు. అది నిజం కాదు. అంతలో సగం కూడా చూసుకోలేదు.

ఆ ఇంటి రెండో అంతస్తులో, నీలం గోడల గదిలో సైదులు, జ్యోతిక ఉండేవాళ్ళు. సైదులుది నల్లగొండ పక్క పల్లె. దిల్‌సుఖ్‌నగర్‌లో సాంబమూర్తి ఫోటో స్టూడియోలో డిజైనర్. పగలు పెళ్ళి ఆల్బమ్‌లు, ఫ్లెక్సీలు చేసేవాడు. తీరిక దొరికితే ఇంట్లో కూర్చుని ఫోటోషాప్ తెలుగులో నేర్పే వీడియోలు తీసి యూట్యూబ్‌లో పెట్టేవాడు. "నమస్తే మిత్రులారా" అని గొంతు సవరించుకునే లోపు సగం మంది మిత్రులు వెళ్ళిపోయేవాళ్ళు. ప్రతి పాఠంలోనూ వెనక జ్యోతిక కుక్కర్ విజిల్ వినబడేది. పాఠం మీద సందేహం అడిగినవాళ్ళకన్నా, ఇయ్యాల కూరేందన్నా అని అడిగినవాళ్ళే ఎక్కువ. అయినా మానలేదు.

స్టూడియోకు వచ్చే పనుల్లో చావు ఫోటోలు కూడా ఉండేవి. పల్లెల్లో కొందరు ముసలివాళ్ళు బతికినన్నాళ్ళూ ఫోటోకు నిలబడరు. పోయాక కుర్చీలో కూర్చోబెట్టి, గడ్డం కింద గుడ్డ కట్టి ఒక్క ఫోటో తీస్తారు. దాన్ని తెచ్చి పదకొండో రోజుకు పటం చేసివ్వమంటారు. ముక్కులో దూది తీసెయ్యాలి, గుడ్డ చెరిపెయ్యాలి, కళ్ళు తెరిపించాలి. ఆ కళ్ళు ఇంకెవరి ఫోటోలోంచో తెచ్చి అతికించాలి. అందుకోసం సాంబమూర్తి కంప్యూటర్‌లో ఒక ఫోల్డర్ ఉంచాడు. అందులో ఉన్నవన్నీ పోయినవాళ్ళ కళ్ళే. ఎందుకని సైదులు ఎన్నడూ అడగలేదు.

సాంబమూర్తి తెనాలి నుంచి వచ్చి ఇక్కడే ముసలివాడయ్యాడు. ఉద్యమం మొదలయ్యాక ఆ బజారులో అన్నిటికన్నా పెద్ద జై తెలంగాణ ఫ్లెక్సీ ఆయన దుకాణానిదే. బాల్కనీ, కిటికీ, పేరు బోర్డు అన్నీ దాని వెనకే ఉండేవి. లోపలికి దారి మాత్రం వదిలాడు.

సకల జనుల సమ్మె నడుస్తోంది. బడంగ్‌పేట్ నుంచి మట్టయ్య అనే రైతు తన తల్లి ఫోటో తెచ్చాడు. సైదులు దాన్ని ఇంటికి తెచ్చుకుని, ఆ పని చేస్తూనే పాఠం రికార్డు చేశాడు. చనిపోయినవారి ఫోటోలో కళ్ళు తెరిపించడం ఎలా అని దానికి పేరు. అది తెలుగులో అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఫోల్డర్లోని కళ్ళు వాడితే ఎవరి మనవడో గుర్తుపట్టి కొట్లాటకు వస్తాడని, జ్యోతిక ఫోటోలోంచి తీశాడు. బాల్కనీలో వెలుతురుకు ఎదురుగా నిలబెట్టి తానే తీసిన ఫోటో. కళ్ళు నిగనిగలాడుతున్నాయి. పెద్దది చేసి చూస్తే నల్లగుడ్డులో బాల్కనీ కటకటాలు కనబడతాయి, కెమెరా పట్టుకున్న సైదులు చిన్నగా కనబడతాడు.

ఆమెను అడగలేదు. పెళ్ళాం కళ్ళకు పెళ్ళాన్ని అడగడమేంది అనుకున్నాడు. ఆ కళ్ళ ఫైలుకు పాఠం కింద లింకు కూడా ఇచ్చి, ఎవరికి కావాలంటే వాళ్ళు దించుకుని వాడుకోండి మిత్రులారా అన్నాడు.

ఈసారి మిత్రులు వెళ్ళిపోలేదు. సిద్దిపేట, వరంగల్, సూర్యాపేట, ఎక్కడెక్కడి స్టూడియోలవాళ్ళో థ్యాంక్స్ అన్నా అని రాశారు. చావు ఫ్లెక్సీలకు కొదవలేని రోజులవి. కూర గురించి ఒక్కరూ అడగలేదు. సైదులు మురిసిపోయాడు.

మట్టయ్య పటం తీసుకెళ్ళాక ఒక పొద్దున జ్యోతిక బియ్యం ఏరుతూ చెయ్యి ఆపింది.

"ఏమయ్యా, ఎడమ చెవికి పోగున్నాయన ఎవరు?"

ఎవరో నాకేం తెలుసన్నాడు సైదులు.

"నా ముందట పళ్ళెం పెట్టిండు. పప్పన్నం కలిపి తినమంటుండు. ఏడుస్తుండు."

మట్టయ్య ఎడమ చెవికి పోగు ఉంది. జ్యోతిక ఆయన్ను ఎన్నడూ చూడలేదు. సైదులు చాయ్ గ్లాసు కింద పెట్టాడు.

కళ్ళు మూసుకో, పోతుంది అన్నాడు.

"మూసుకునే ఉన్న" అంది. కళ్ళు తెరిచే ఉన్నాయి.

తరువాత ఇంకో ఇల్లు కనబడింది. ఆ తరువాత ఇంకోటి. ఒక పచ్చగోడ ఇల్లు. ఒక రేకుల ఇల్లు. ఎవరో పిల్ల అన్నం తింటూ తలెత్తి తనవైపే చూస్తోందట. ఎవరో ముసలామె కింద కూర్చుని చేతులు జోడిస్తోందట. అందరూ కిందే ఉంటారు. తను పైన ఉంటుంది. ఫోటోషాప్‌లో పొర మీద పొర పరిచినట్టు ఒక ఇంటి మీద ఇంకో ఇల్లు వచ్చి పడేది. అన్నిటికన్నా అడుగు పొర ఆమె సొంత ఇల్లు. అది మసకబారుతూ వచ్చింది. కూర తరుగుతూ వేలు కోసుకుంది. రక్తం కనబడలేదు, తడి మాత్రం తెలిసింది.

దవాఖానకు తీసుకుపోయాడు. డాక్టరు కళ్ళు భేషుగ్గా ఉన్నాయన్నాడు. రెప్ప కొట్టడం లేదేమిటని ఒక నర్సు మాత్రం అడిగింది.

ఇంటికొచ్చాక జ్యోతిక చెయ్యి చాచి అతని మొహం తడిమింది. పాండురంగం గోడ తడిమినట్టే.

"నీ మొఖం జరంత కనవడుతున్నది. రేపటికి అదిగూడ కనవడదేమో. ఏమన్న చెయ్యి సైదులూ."

పెళ్ళయినప్పటి నుంచి ఆమె అతన్ని పేరు పెట్టి పిలవలేదు.

మర్నాడు బంద్. సైదులు సాంబమూర్తిని అడుగుదామని బండి తీశాడు. బస్సులు లేవు, ఆటోలు లేవు. దుకాణాల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. ఎండ ఫెళ్ళున కాస్తోంది. కాలిన టైరు వాసన. రోడ్డు మధ్య డివైడర్ పొడుగునా శ్రద్ధాంజలి ఫ్లెక్సీలు కట్టి ఉన్నాయి. గాలికి ఉబ్బుతున్నాయి, తగ్గుతున్నాయి... ఊపిరి తీసుకుంటున్నట్టు. ముసలివాళ్ళు. కుర్రవాళ్ళు. మీసాలు వేరు, బొట్లు వేరు.

కళ్ళు ఒక్కటే.

సైదులు బండి ఆపాడు. దగ్గరి ఫ్లెక్సీలో ఒక పెద్దమనిషి నవ్వుతున్నాడు. ఆయన నల్లగుడ్డులో బాల్కనీ కటకటాలున్నాయి. వెనక్కి తిరిగి చూశాడు. దాటి వచ్చినవి కూడా ఇటే చూస్తున్నాయి.

జేబులో ఫోను మోగింది. జ్యోతిక.

"కొత్తపేట కాడ ఎందుకు ఆగినవు?" మెల్లగా అడిగింది.

అతను తలెత్తి ఫ్లెక్సీల వైపు చూశాడు.

"శానా దిక్కుల నుంచి కనవడుతున్నవు. జల్ది పో. తలెత్తకు... నువ్వు తలెత్తి చూస్తే నాకు భయమైతున్నది."

తల దించుకుని, ముందు చక్రాన్నే చూస్తూ దిల్‌సుఖ్‌నగర్ చేరాడు.

సాంబమూర్తి అతన్ని లోపలికి లాగి షట్టరు దించేశాడు. మిట్టమధ్యాహ్నం లోపల చీకటి. ఫ్లెక్సీ ఇంకు వాసన, తడిసిన అట్టల వాసన. ముసలాయన సగం వినేసరికే అడిగాడు.

"ఎవరి కళ్ళు పెట్టావు?"

సైదులు చెప్పాడు. ఆయన కళ్ళజోడు తీసి తుడిచాడు. మళ్ళీ తుడిచాడు.

"పోయినవాళ్ళ కళ్ళయితే అటువైపు నుంచి చూడ్డానికి ఎవరూ ఉండరయ్యా. అందుకే ఆ ఫోల్డరు."

"ముందుగాల చెప్తే ఏమైతుండె సార్?"

"చెబితే నువ్వు నవ్వి, దాని మీద కూడా ఒక వీడియో తీసేవాడివి."

అది నిజమే. మందేమిటని అడిగితే తనకు తెలియదన్నాడు సాంబమూర్తి. తెరిచింది నువ్వే కదా, మూసి చూడు అన్నాడు. అని, షట్టరు పక్కన కుర్చీ వేసుకుని అటు తిరిగి కూర్చున్నాడు.

సైదులు ముందు పాత వీడియో తీసేశాడు. అప్పటికే ఎవరెవరో దాన్ని తమ పేర్లతో పెట్టుకున్నారు. అవి తీయడం అతని చేతిలో లేదు. ఇక మిగిలింది ఒకటే దారి. తెరిచిన కళ్ళు మూయడం ఎలా అని కొత్త పాఠం రికార్డు చెయ్యాలి. వాళ్ళు వినాలి.

హెడ్‌ఫోన్ పెట్టుకున్నాడు. మట్టయ్య తల్లి ఫోటో తెరిచాడు. నమస్తే మిత్రులారా అన్నాడు. గొంతు తనది కానట్టుంది. చెంప మీది చర్మం కాపీ చేసి, రెప్పలా వంచి, కంటి మీదికి లాగడం మొదలుపెట్టాడు. కరెంటు పోయింది. యూపీఎస్ కుయ్ కుయ్ మంటోంది. చీకట్లో ఆ మొహం ఒక్కటే వెలుగుతోంది.

హెడ్‌ఫోన్‌లో ఏదో వినబడింది. ఎప్పుడూ కుక్కర్ విజిల్ వినబడే చోట... అతని మాటల వెనక... ఎవరో ఏడుస్తున్నారు. గాజుల చప్పుడు. గిన్నె జరిపిన చప్పుడు. ఒక ఇల్లు కాదు. చాలా ఇళ్ళు.

"తిను అవ్వా... జరంత తిను..."

సైదులు ఎడమ కన్ను మూశాడు. కుడి కన్ను పెద్దది చేశాడు. కటకటాలున్నాయి. చిన్న సైదులు ఉన్నాడు. కెమెరా కిందికి దించి ఉన్నాడు. ఫోటోలో ఎప్పుడూ కెమెరా మొహానికే ఉండేది.

రెప్ప లాగాడు. సగం దాకా వచ్చింది. ఇంకోసారి చూశాడు. కటకటాలు ఉన్నాయి... మనిషి లేడు.

పూర్తిగా లాగేసి సేవ్ నొక్కాడు. పాఠం చివర మైకులోకి ఉన్నమాట చెప్పాడు. ఆ కళ్ళు నా భార్యవి, ఆమె బతికే ఉంది, దండం పెడతా, మార్చండి అన్నాడు. రికార్డింగు సేవ్ చేయగానే యూపీఎస్ కూత ఆగిపోయింది. చీకట్లో సాంబమూర్తి, షట్టరు బయట ఎవరైనా నిలబడ్డారా అని గుసగుసగా అడిగాడు. బయట ఎవరూ లేరు. తీసి చూడలేదు కాబట్టి లేరనే అనుకున్నారు.

కరెంటు వచ్చాక వీడియో పెట్టాడు. బాగుందన్నా, వాయిస్ పెంచు అని ఒకడు రాశాడు. పబ్లిసిటీ కోసం పెళ్ళాన్ని కూడా వాడుకుంటున్నాడని ఇంకొకడు. కాని చావు పటాలు చేసేవాళ్ళు పైకి నవ్వినా లోపల భయస్తులే. ఒక్కొక్కరే పటాలు వెనక్కి తెప్పించి కళ్ళు మార్చారు. రేకుల ఇల్లు చీకటైందని జ్యోతిక చెప్పింది. ఆ తరువాత పచ్చగోడ ఇల్లు. రోడ్డు మీది ఫ్లెక్సీలు వానకు, గాలికి చినిగిపోయాయి.

మట్టయ్య మాత్రం ఇవ్వనన్నాడు. తన తల్లికి శుక్లాలు వచ్చి ఏళ్ళ తరబడి కొడుకు మొహం చూడలేదట. "ఇప్పుడు మా అవ్వ నన్ను చూస్తున్నది బిడ్డా. మళ్ళ గుడ్డిదాన్ని చెయ్యమంటవా?" అన్నాడు. సైదులు కాళ్ళ మీద పడ్డాడు. పప్పన్నం సంగతి చెప్పాడు. మట్టయ్య పటం తానే దించి, కండువాలో చుట్టి అతని చేతిలో పెట్టాడు.

ఆ పటంతో ఇంటికొచ్చేసరికి జ్యోతిక మంచం మీద పడుకుని ఉంది. ఇక ఒక్క ఇల్లే మిగిలిందని చెప్పింది.

"ఎవలిల్లు?" అన్నాడు.

"నీలం గోడలు. మంచం మీద ఒక ఆడమనిషి పండుకున్నది. పక్కన ఒకాయన నిలబడ్డడు. చేతిలో ఏదో మూట." ఆగింది. "గా మూట నువ్వు తెచ్చిందే గదా?"

సైదులు ఎదురుగోడ వైపు చూశాడు. పటం లేదు. మేకు కూడా లేదు. పాండురంగం ఇంట్లో ఎందుకుంటుంది?

మట్టయ్య పటానికి కళ్ళు మార్చినా జ్యోతికకు సొంత కళ్ళ చూపు రాలేదు. కాని ఆ గోడ మీది నుంచి తనను తాను చూసుకుంటూ వండుతుంది, బియ్యం ఏరుతుంది, సూదిలో దారం ఎక్కిస్తుంది. గడప దాటితే గుడ్డిది. అందుకని వాళ్ళు ఇల్లు మారలేదు. తెలంగాణ వచ్చింది, కిరాయి పెరిగింది, అక్కడే ఉన్నారు. సైదులు పాఠాలు మానేశాడు. కుక్కర్ మాత్రం కూస్తోంది.

ఈమధ్య చూపుకు రెండు పక్కలా పసుపుపచ్చగా ఏదో వేలాడుతోందని, బంతిపూల వాసన వస్తోందని జ్యోతిక చెప్పింది. సైదులు గోడ తుడిచి చూశాడు. ఏమీ లేదు.

మొన్న పాండురంగం మెట్లెక్కి వచ్చి, గోడ తడిమి, ఈ మేకు ఎవరు కొట్టారని అడిగాడు.