గీకకుండా వేసిన రంగు

దగ్గరికి జరుగు తల్లీ. ఇంకా దగ్గరికి. ఇది గట్టిగా చెప్పే కథ కాదు.

పరుగు!

ఇనుప మెట్ల మీద ఆమె పరుగు. వెనకే బూట్ల చప్పుడు.

బయట ఇంకా పొద్దుంది. ఓడ కడుపులో మాత్రం కాటుక చీకటి...

"ఆగు! కాల్చేస్తా!"

ఆగుతుందా? గుండెకు హత్తుకున్న ఇనుప మూత చేతులు పీకేస్తోంది. అయినా వదలదు.

పాత ఓడల్ని కోసి తుక్కు చేసే యార్డులో ఆమె కూలీ. ఒకే అచ్చున కట్టిన జంట ఓడల్లో, ఇప్పుడు కోస్తున్నది అక్క ఓడ.

దానికో చెల్లి ఉండేది. అచ్చు గుద్దినట్టు ఒకే పోలిక. మునగనే మునగదని ఊదరగొట్టారు. మొదటి ప్రయాణంలోనే మంచుకొండను గుద్దుకుని, వందల మందితో అడుక్కి పోయింది. అందులో ఆమె మొగుడూ పోయాడు. ఓడలకి రంగులేసే మేస్త్రి.

జనం నోళ్ళు ఊరుకుంటాయా! "మునిగింది చెల్లి కాదట... దెబ్బతిన్న అక్కకి చెల్లి పేరు రాసి పంపారట... ఇన్సూరెన్స్ కోసమట!"

ఆమె నమ్మలేదు. తిట్టిపోసింది కూడా.

ఈ మధ్యాహ్నం దాకా.

గాలిగొట్టం మూత మీద రంగు పెచ్చులూడింది. కింద... చిన్న అరచెయ్యి! వంకర చిటికెనవేలు!

తన కూతురిది. చెల్లి ఓడ కట్టేటప్పుడు, నాన్నకి క్యారేజీ తీసుకెళ్ళి, పచ్చి రంగులో అద్దిన చెయ్యి.

అంటే ఇది చెల్లి. మునిగింది... అక్క!

వెర్రిమొహం, పరుగున వెళ్ళి సూపర్‌వైజర్‌కి చెప్పింది. కాసేపటికే ఈ బూట్లు!

ఎదురుగా తలుపు. తోసింది. కదల్లేదు. దారి లేదు!

టార్చి వెలుగు మొహాన కొట్టింది. దాని వెనక తుపాకీ.

"పిచ్చుకా... ఆ మూత ఇలా ఇచ్చెయ్యవే."

ఆ పేరుతో పిలిచే మనిషి లోకంలో ఒక్కడే. ఆమె మొగుడు. ఆయన సముద్రం అడుగున కదా ఉన్నాడు!

"మీరు... బతికే ఉన్నారా?"

"ఓడెక్కితే కదే చావడానికి. ఈ గుట్టు కాయమని కంపెనీ నన్ను దాచింది."

అప్పుడు వెలిగింది ఆమెకి. పాత రంగు గీకకుండా కొత్తది వేస్తే పెచ్చులూడుతుందని కుర్రాళ్ళ చెవులు మెలేసేవాడు ఈయనే.

"పేర్లు మార్చింది మీరేనా? మరి దీన్ని గీకలేదేంటండీ, అంతటి పనిమంతులు?"

టార్చి వెలుగు మూత మీదికి దిగింది.

"దాని చెయ్యి... గీకబుద్ధి కాలేదే."

"అంతమంది ఎక్కుతుంటే చూస్తూ నిలబడబుద్ధి అయిందా నీకు?"

మొగుణ్ణి నువ్వనడం జన్మలో అదే మొదలు.

"చంపాలని కాదే! మెల్లగా ముంచుతాం, పక్కనే ఇంకో ఓడ ఉంటుంది, అందర్నీ దించేస్తాం అన్నారు... మంచుకొండ సంగతి ఎవడికి తెలుసు! ఇచ్చేసి ఇంటికి పో. నేను బతికున్నాననే మర్చిపో."

ఆమె మూతను తిప్పింది. అరచెయ్యి ఆయన వైపు. తన గుండెకు అడ్డంగా.

"కాల్చు. నీ కూతురు ఆపుతోంది."

తుపాకీ మెల్లగా దిగింది... ఆమె ఊపిరి పీల్చుకుంది.

ఢాం!!

ఆమె వెల్లకిలా పడింది. దిగిన తుపాకీ మళ్ళీ ఎప్పుడు లేచిందో చూడనేలేదు. తడుముకుంది. రక్తం లేదు!

చచ్చిందనుకున్నాడో ఏమో, మూత తీసుకోను కూడా ఆగలేదు. బూట్ల చప్పుడు దూరమైంది... ఇంకా దూరం... చీకట్లో రెండోసారి మునిగిపోయాడు ఆయన.

గీకడానికి మనసొప్పలేదు తల్లీ. కాల్చడానికి ఒప్పింది.

ఇదిగో ఆ మూత. అరచేతి మధ్యలో గుంట ఉంది చూడు, వేలు పెట్టు.

ఇప్పుడు నా చిటికెనవేలు చూడు. వంకర.

మా అమ్మ నాకు చెప్పింది. నేను నీకు చెప్పా. గుర్తుంచుకో. ఎవరికి చెప్పినా, ఇలాగే దగ్గరికి పిలిచి చెప్పు.