మంచు పోయిన రూపాయి

శుక్రవారం ఉదయం పదకొండు ఇరవై. జూబ్లీ హిల్స్‌లోని ఆదినారాయణ ఇంటి మెట్లు ఎస్సై భువన ఎక్కడం నిన్నటినుంచి ఇది మూడోసారి. కాళ్లు లాగేస్తున్నాయి.

పోయింది ఒక్క నాణెం. 1938 నాటి ప్రూఫ్ వెండి రూపాయి. చెలామణికి కాదు, దాచుకునేవాళ్ల కోసం ప్రత్యేకంగా ముద్రించింది. ఒకప్పటి సినీ నిర్మాత ఆదినారాయణకు అది ప్రాణం. దాన్ని తీసేసి మామూలు రూపాయి పెట్టారని కంప్లైంట్. అనుమానం డ్రైవర్ కమలాకర్ మీద. నిన్న మధ్యాహ్నం నుంచి అతను స్టేషన్‌లోనే ఉన్నాడు.

"మార్చారని ఎలా తెలిసిందండీ?" భువన మళ్లీ మొదటినుంచి అడిగింది.

"ప్రూఫ్ నాణెం అద్దంలా ఉంటుందమ్మా. రాజు బొమ్మ మీద మాత్రం మంచు పట్టినట్టు సన్నటి తెలుపు. ఫ్రాస్ట్ అంటాం. దీని మీద బొమ్మ కూడా మెరుస్తోంది. ఇది నాది కాదు."

"నాణెం ఉంచే అల్మారా తాళంచెవులు?"

"నా దగ్గరొకటి, మా ఆవిడ దగ్గరొకటి. నాది ఒక్కోసారి కమలాకర్ చేతికిస్తాను."

"కొన్నప్పటి ఫొటో ఉందా?"

తెచ్చిచ్చాడు. భువన ఫొటోనూ నాణేన్నీ పక్కపక్కన పెట్టి లెన్స్‌లో చూసింది. ఫొటోలో అంచు దగ్గర వెంట్రుకంత గీత. నాణెం మీదా సరిగ్గా అక్కడే.

"ఇది మీ రూపాయేనండీ. ఎవరూ మార్చలేదు."

"మరి ఫ్రాస్ట్?"

"రుద్దేశారు. అక్షరాల సందుల్లో గులాబీ రంగు పొడి ఉంది, చూడండి. వెండి తోమే పొడి."

గుమ్మంలో ఆయన భార్య శారదాదేవి నిలబడి ఉంది. భువన అటు తిరిగింది.

"వెండి పూజ సామాను ఎప్పుడు తోమారమ్మా?"

"బుధవారం సాయంత్రం." ఆమె గుమ్మం దాటి లోపలికొచ్చింది. "మర్నాడు ఈయన స్నేహితులు రూపాయి చూడ్డానికొస్తున్నారు. బొమ్మ మసకబారిందనుకున్నాను. మెరిస్తే సంతోషిస్తారని..."

"నిన్న ఎందుకు చెప్పలేదు?"

"ఈయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదమ్మా. నిన్న చూశాను. నోరు పెగల్లేదు."

ఆదినారాయణ కుర్చీలో కూలబడ్డాడు. భార్య వైపు చూడలేదు.

మధ్యాహ్నం పన్నెండు నలభై. శారదాదేవి తనే భువనతోపాటు జీపెక్కి స్టేషన్‌కు వచ్చింది. కమలాకర్ లేచి నిలబడ్డాడు.

"తప్పు నాది కమలాకర్. ఇంటికి పద నాయనా."

"నిన్ననే జెప్తే అయిపోతుండె గదమ్మా." అతని గొంతులో కోపం లేదు. అలసట ఉంది. "నిన్న పొద్దుమీకి, చీకటి పడంగ, నా బిడ్డ అన్నం డబ్బా తెచ్చింది. నన్ను గీడ చూసింది. ఏమనలే. డబ్బా వెట్టి వోయింది. ఇగ నేను పనికి రానమ్మా."

భువన రిజిస్టర్ ముందుకు జరిపింది. అతను సంతకం పెట్టి ఎండలోకి నడిచాడు.

శారదాదేవి గేటు దాకా వెనకే వెళ్లింది. అతను ఆగలేదు.