శవాల గదిలో పాత డాక్టరు

మునిసిపల్ ఆస్పత్రి వెనకాల, జనరేటర్ షెడ్డు దాటాక ఉన్న శవాల గదికి మంచి పేరు ఏనాడూ లేదు. కానీ మూడేళ్ళుగా దానికి వచ్చిన చెడ్డపేరు వేరు. అర్ధరాత్రి దాటాక లోపల ఒక మగగొంతు వినిపిస్తుందని చెప్పుకుంటారు. ఏడవదు... అరవదు... తాపీగా కొలతలు చదువుతుంది.

“గుండె బరువు రెండు వందల ఎనభై గ్రాములు... కాలేయం మామూలు...”

ఆ మాటతీరు పాత డాక్టరుది. ఆయన పోయి మూడేళ్ళు.

ఆయన డాక్టరీ పాసయ్యాక మరో మూడేళ్ళు శవపరీక్షల మీదే చదివాడు. ఇరవై రెండేళ్ళు ఆ బల్ల దగ్గరే నిలబడ్డాడు. ఆయన పోయాక, అదే చదువున్నవాళ్ళు కావాలని మునిసిపాలిటీ మూడుసార్లు పేపర్లో వేయించింది. వాళ్ళిచ్చే జీతానికి ఒక్కరూ రాలేదు. దాంతో జలుబుకీ జ్వరానికీ మందులు రాసే డాక్టర్లకే వంతులేసి ఆ పని అంటగట్టారు. ఐదు నెలలుగా ఆ వంతు డాక్టరమ్మది.

జరిగింది ఆమెకే.

ఆ మధ్యాహ్నం రెండేళ్ళ పాపను తెచ్చారు. కోడలే నోరు నొక్కి చంపిందని అత్తగారి ఫిర్యాదు. డాక్టరమ్మ చూసింది. మొహం నీలంగా ఉంది. పెదాల లోపలివైపు గోటి గీరలు. గుండె, ఊపిరితిత్తులు చూసి చేతులు కడుక్కుంది.

అటెండరు సూదీ దారం పట్టుకుని నిలబడిపోయాడు. రోజుకి పది మాటలు దాటడు కనుక ఆస్పత్రిలో అందరూ అతన్ని మౌనం మాస్టారు అంటారు.

“గొంతు...?” అన్నాడు.

“అక్కర్లేదు. కుట్టేయండి మాస్టారూ.”

నోరు నొక్కడం వల్ల ఊపిరాడక మరణం — అని రాసి, సంతకం పెట్టింది. సాయంత్రానికి ఆ తల్లిని లాకప్పులో వేశారు. పొద్దున ఏడింటికి పాపను ఇక్కణ్ణించి తీసుకెళ్ళి పూడ్చిపెడతారు. పదకొండింటికి తల్లి కోర్టులో నిలబడాలి.

రాత్రి పన్నెండున్నరకి డాక్టరమ్మ మంచం మీద లేచి కూర్చుంది.

సాయంత్రం జీపెక్కిస్తుంటే ఆ తల్లి అన్న మాట గుర్తొచ్చింది. “దగ్గుతుంటే వేలు పెట్టానండీ... అందలేదండీ...” అప్పుడది అబద్ధంలా వినిపించింది. ఇప్పుడు... వేలు పెట్టి తీయబోయినా గీరలు అక్కడే పడతాయి కదా!

గొంతు విప్పి చూడాల్సింది. చూడలేదు. ఎందుకంటే — ఎలా విప్పాలో ఆమెకి రాదు. కాలేజీలో పది శవపరీక్షలు చూసింది, అదీ వెనక వరసలో నిలబడి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

“ఎక్కడికీ?” భర్త నిద్రమత్తులో అడిగాడు.

“ఆస్పత్రికి.”

“ఎవరికన్నా సీరియస్సా?”

“నాకే,” అని తలుపు లాగేసింది.

గేటు దగ్గర వాచ్‌మన్ అడ్డం వచ్చాడు. గొంతు తగ్గించి, “ఇప్పుడొద్దమ్మా... పెద్దాయన డ్యూటీలో ఉన్నాడు,” అన్నాడు.

“ఏ పెద్దాయన?”

“పోయినాయన.”

“అయితే తోడు రా.”

“నా డ్యూటీ గేటు వరకేనమ్మా. జీతం కూడా గేటు వరకే.”

ఒక్కతే నడిచింది. జనరేటర్ షెడ్డు దాటేసరికి — వినిపించింది.

“...నాలుక మామూలు... గొంతు కండరాల్లో రక్తం గడ్డలు లేవు...”

ఆగింది. వెనక్కి పరిగెత్తొచ్చు. పరిగెత్తితే, పొద్దున్నే పాప మట్టిలోకి పోతుంది. ఆ తర్వాత ఆ తల్లి మాట నమ్మడానికి ఏమీ మిగలదు. దెయ్యమైతే అయింది... కనీసం చదువుకున్న దెయ్యం.

తలుపు తోసింది.

బల్ల మీద లైటు. దాని కింద వంగిన తెల్లకోటు... నెరిసిన తల... వీపు ఇటువైపు.

“డాక్టరు గారూ...” ఆమెకే వినపడనంత సన్నగా అంది.

గొంతు ఆగింది. మనిషి తిరిగాడు.

మౌనం మాస్టారు!

“మీరా... ఆ మాటలు...”

“ఆయనవే డాక్టరమ్మా. ఇరవై రెండేళ్ళు పక్కన నిలబడి విన్నాను. ఆయనలా పైకి అనుకోకపోతే నా చెయ్యి కదలదు.” పక్కకి జరిగాడు. “చూడండి.”

పాప గాలిగొట్టం నిలువునా తెరిచి ఉంది. అందులో అడ్డంగా ఇరుక్కుని ఓ నల్లటి చక్రం. బొమ్మకారుది. చిటికెనవేలి గోరంత.

డాక్టరమ్మకి ఏడుపు రాలేదు. వచ్చుంటే బాగుండేది.

“నేను తీయలేదు. అటెండరు తీసింది కోర్టులో నిలవదు,” అన్నాడతను.

“ఎవరూ తీయొద్దు. పోలీసులొచ్చి చూడాలి.” ఇన్‌స్పెక్టరుకి ఫోన్ చేసింది. “నా రిపోర్టు తప్పండీ. ఆ తల్లి చంపలేదు. వెంటనే రండి.”

“ఈ వేళప్పుడు శవాన్ని ఎవరు కోశారు మేడమ్?”

ఆమె మాస్టారి వైపు చూసింది. అతను తల దించుకున్నాడు.

“నేనే.”

“మీ ఉద్యోగం ఉండదు, తెలుసా?”

“రండి ముందు.”

ఫోన్ పెట్టేశాక గది నిశ్శబ్దమైంది. పూర్తిగా కాదు. కిటికీ గూట్లో ఏదో గిర్రుమంటోంది... పాత టేపు రికార్డరు. తిరుగుతోంది.

“ఇదంతా రికార్డు చేస్తారా?”

మాస్టారు దాన్ని ఆపాడు. “డాక్టర్లు వెళ్ళాక మళ్ళీ చూస్తాను. వాళ్ళు రాసిందీ నేను చూసిందీ ఒకటైతే చెరిపేస్తాను. తేడా ఉంటేనే దాస్తాను.”

బీరువా తెరిచాడు. అడుగు అరనిండా కేసెట్లు.

“ఇన్నా! ఎవరికీ చెప్పలేదా?”

“మీకు ముందున్న ముగ్గురికీ చెప్పాను. ఒకాయన నవ్వాడు. ఒకాయన మెమో ఇచ్చాడు. ఇంకొకాయన బదిలీ చేయించుకున్నాడు. అప్పట్నించే మాట్లాడటం మానేశాను.”

డాక్టరమ్మ ఆ అర వైపు చూసింది. అడగకుండా ఉండలేకపోయింది.

“మాస్టారూ... అందులో నావి ఉన్నాయా?”

అతను బీరువా ముందు వంగాడు. కేసెట్లు తెచ్చి రాతబల్ల మీద పోశాడు. కళ్ళజోడు పెట్టుకుని, తేదీలు చూస్తూ, ఒక్కొక్కటే ఆమె వైపు జరపసాగాడు.

ఒకటి... రెండు... మూడు...

బయట జీపు వచ్చి ఆగింది. బూట్ల చప్పుడు షెడ్డు దాటింది.

మాస్టారి చెయ్యి ఇంకా ఆగలేదు.