సొంత కరెంటు స్తంభం ఉన్న ఇల్లు

హచియోజి ఊరి కొండవాలులో, ఆ సందు చివరి ఇంటి ముందు చీకటి పడ్డాక ఎవరూ ఆగరు. కుక్కని తిప్పడానికి వచ్చినవాళ్ళు కూడా గొలుసు లాక్కుని గబగబా దాటేస్తారు. అది కురోడా గారిల్లు. ఆయనకి పాటల పిచ్చి. అలాంటిలాంటి పిచ్చి కాదు... ఊరందరూ వాడే తీగలోంచి వస్తే కరెంటు మైలపడి పాట చెడుతుందని పెరట్లో సొంతంగా ఒక కరెంటు స్తంభమే పాతించుకున్నాడు! చివరికి పాట వింటూనే కుర్చీలో పోయాడు. జనం వెళ్ళి చూసేసరికి మనిషి చల్లబడిపోయాడు — పాట మాత్రం మోగుతూనే ఉందట.

అప్పట్నుంచి ఇల్లు ఖాళీ. రాత్రిళ్ళు ఆ స్తంభం మూలుగుతుందని కొందరంటారు. మూలగడమేమిటి, పాడుతుంటేనూ అని ఇంకొందరు.

ఈ కబుర్లు వింటే ముకాయికి నవ్వొచ్చేది. ఎందుకంటే ఆ ఇంటి తాళంచెవి ఆయన జేబులోనే ఉంది. అప్పుడప్పుడూ కిటికీలు తీసి గాలాడనివ్వమని, ఒసాకాలో ఉంటున్న కురోడా కూతురు ఇచ్చింది. ముకాయి రిటైరైన బస్సు డ్రైవరు. కురోడాకున్న పిచ్చే ఈయనకీ ఉంది. భార్య నోబుకో పోయి ఇది మూడో చలికాలం.

ఆవిడ గొంతు ఒక్కచోటే మిగిలింది. బతికుండగా ఫోన్ పట్టుకుని రికార్డు చేస్తానంటే చెయ్యి అడ్డం పెట్టేసేది మహాతల్లి. పేట ఆడవాళ్ళ బృందగానం పాత టేపొకటి ఉంటే దాన్ని కంప్యూటర్లోకి ఎక్కించాడు. ఇరవైమంది గొంతులు. అందులో నోబుకోది ఏది? పులుసులో ఉప్పులా కలిసిపోయింది, ఇదిగో ఇదీ అని వేలుపెట్టి చూపించలేడు. ఎన్ని వందలసార్లు విన్నా దొరకలేదు.

కంప్యూటర్లో పాట అంకెలుగా ఉంటుంది. ఆ అంకెల్ని మళ్ళీ ధ్వనిగా మార్చే పెట్టెని డాక్ అంటారు. కొనుక్కున్న డాక్ నోబుకోని మింగేస్తోందని ముకాయి అనుమానం. అందుకే సొంతంగా ఒకటి కట్టాలని కూర్చున్నాడు. అకిహబారాలో రైలు వంతెన కింద విడిభాగాల కొట్లన్నీ కాళ్ళరిగేలా తిరిగాడు. ఈ చిప్ స్పష్టమే గానీ పొడిపొడిగా ఉంటుంది, ఆ చిప్ తియ్యగా ఉంటుంది గానీ మందకొడి...

"పెళ్ళిచూపుల్లో నోబుకోని చూసి, టీ చల్లారేలోపు ఒప్పుకున్నావు కదటోయ్! చిప్ ఎంచుకోడానికి ఏడాదా?" అని ఏడిపించాడు, అదే పిచ్చి ఉన్న స్నేహితుడు హోసాకా.

"అప్పుడు ఎంచుకుంది నేను కాదులే, ఆవిడ" అన్నాడు ముకాయి.

చివరికి ఎప్పుడో తయారీ ఆపేసిన పాత చిప్ ఒకటి దొరికించుకుని, టంకం పెట్టి, డాక్ పూర్తిచేశాడు. అయితే కట్టగానే వినకూడదు. కొత్త భాగాలు ఒదిగేదాకా పాట రాత్రింబవళ్ళు మోగుతూనే ఉండాలి, ఈలోగా చెవి పెట్టకూడదు... ఊరేదాకా పచ్చడి జాడీ మూత తియ్యకూడదన్నట్టు, ఈ పిచ్చివాళ్ళందరికీ అదో నియమం. ఆయనుండే అపార్టుమెంటులో లిఫ్టు కదిలినప్పుడల్లా కరెంటు మైలపడుతుంది. మరి శుద్ధమైన కరెంటు ఎక్కడుంది? కురోడా ఇంట్లో! గుట్టుగా అక్కడ పెట్టి, నోబుకో బృందం పాటే వేసి, తలుపు తాళం వేసి వచ్చేశాడు.

వారం తిరక్కుండానే పేట గొల్లుమంది.

చలికాలం సాయంత్రాలు పేటవాళ్ళు వంతులవారీగా చెక్కలు కొట్టుకుంటూ "నిప్పు జాగ్రత్త!" అని సందులన్నీ తిరుగుతారు. ఆ రోజు వంతు కియోమిది. ఆవిడా ఒకప్పుడు ఆ బృందంలో పాడినదే. మర్నాడు పేట హాల్లో, ముల్లంగి, గుడ్లు ఉడుకుతూ పొగలు కక్కే ఓదెన్ పులుసు గిన్నె చుట్టూ అందరూ ఆవిడ చెప్పేదే వింటున్నారు.

"నవ్వకండి ముకాయి గారూ! ఆ ఖాళీ ఇంట్లోంచి పాట వినగానే చేతిలో చెక్కలు అక్కడే జారిపోయాయి. తీసుకురావడానికి కూడా వెళ్ళలేదు నేను."

"పిల్లి అయ్యుంటుందిలెండి" అన్నాడు ముకాయి, ముల్లంగి ముక్క వెనక నవ్వు దాచుకుంటూ.

"పిల్లులు బృందగానాలు చేస్తాయా?"

తనే పెట్టానని చెప్పడానికి మొహం చెల్లలేదు. లేచి బయటికొచ్చాడు. కియోమి వెనకాలే వచ్చింది.

"అందరి ముందూ చెప్పలేదు..." ఆవిడ గొంతు బాగా తగ్గించింది. "ముందు ఒక్కతే పాడింది. ఆ తర్వాతే మిగతావాళ్ళు. ఆ ఒక్క గొంతు — నోబుకోది."

ముకాయికి నమ్మకం కుదరలేదు. ఆ పాట ఆయనకి కంఠతా వచ్చు. మొదట నిశ్శబ్దం, తర్వాత ఇరవైమందీ ఒక్కసారిగా. ఒంటరి గొంతన్నది అందులో ఎక్కడా లేదు!

అప్పటికప్పుడు హోసాకాని పిలిపించాడు. ముగ్గురూ టార్చిలైటు పట్టుకుని సందు చివరికి నడిచారు.

తలుపు కిర్రుమంది. లోపల చిమ్మచీకటి. మూలగా ఒక్క ఎర్ర దీపం. పాట అప్పుడే ముగిసింది... నిశ్శబ్దం. హోసాకా గోళ్ళు ముకాయి మోచేతిలో దిగాయి.

అప్పుడు వచ్చింది —

ఒక్క గొంతు. సన్నగా, దగ్గరగా... పక్క గదిలోంచి పిలిచినట్టు. ఆ వెనకే మిగతా గొంతులన్నీ.

హోసాకా ఒక్క గెంతులో గుమ్మం దాటేశాడు. కాసేపటికి సిగ్గుపడి తిరిగొచ్చి, పెట్టె మూత తీసి లైటు వేసి చూశాడు.

"ఒరే, ఇందులో రిలే ఏదిరా?"

"పెట్టలేదు. పాట వెళ్ళే దారిలో ఇంకో తలుపెందుకు, ధ్వని మాసిపోతుందనీ..."

"అదీ సంగతి! కొన్న డాక్‌లో ఆ రిలే ఉంటుంది. పాట మొదలెట్టగానే కాస్సేపు తలుపు మూసి ఉంచి, ఆనక టిక్కుమని తీస్తుంది. స్పీకర్లు అదరకుండా. ఆ కాస్తలో ఏముందో నువ్వు ఇన్నేళ్ళూ విననే లేదు."

కియోమి వచ్చి పెట్టె పక్కనే కూర్చుంది. "ఆ టేపు చేసిన రోజు... నోబుకో ఒక క్షణం ముందే ఎత్తుకుంది. పాట మాస్టారు ఉరిమి చూశారు. మళ్ళీ రికార్డు చేద్దామంటే హాలువాళ్ళు ఖాళీ చెయ్యమన్నారు. పాపం, ఇంటికెళ్ళేదాకా ఏడుస్తూనే ఉంది."

ముకాయికి ఏడుపూ వచ్చింది, కోపమూ వచ్చింది. ఈ వారమంతా సందులో పోయే కుక్కలక్కూడా వినిపించింది... తనకి తప్ప!

నోబుకో ఎప్పుడూ అంతే, రైలు ఇంకా స్టేషనులోకి రాకముందే ప్లాట్‌ఫారం అంచున నిలబడే మనిషి. ఆయన చెప్పులు తొడుక్కునేలోపు వీధి మలుపు తిరిగిపోయే మనిషి. ఆ గొంతు ఆవిడది కాకపోతే ఇంకెవరిది?

పాట ముగిసింది. మళ్ళీ నిశ్శబ్దం. ముకాయి కురోడా కుర్చీలో కూర్చుని కళ్ళు మూసుకున్నాడు.

"ఆగవే నోబూ..." అన్నాడు మెల్లిగా. "నేనింకా రాలేదు."

ఆవిడ ఆగితేగా!