అక్క పేరున ఖాతా

"అక్క పోయిందే... మీ అక్క మనల్ని వదిలేసి పోయిందే చిన్నీ!"

ఫోన్లో అమ్మ గొంతు వినగానే చిన్నది చేతిలోని ఇస్త్రీపెట్టెను నిలబెట్టి గోడకు ఆనుకుంది. బల్ల మీద అయ్యగారి తెల్లచొక్కా సగం ఇస్త్రీ అయి పరుచుకుని ఉంది. మొన్న జ్వరమన్నారు. నిన్న ఆసుపత్రిలో చేర్చామన్నారు. ఇవాళ పొద్దెక్కేసరికి మనిషే లేదంటున్నారు! నోరు తెరిచి ఏడ్చేలోపే హాల్లోంచి అమ్మగారి కేక వినబడింది. ఏ పేరు పెట్టి పిలిచింది? అక్క పేరు పెట్టే! ఏడేళ్లుగా ఆ ఇంట్లో చిన్నదాని పేరు అదే మరి. పోయిన అక్క పేరుకు బతికున్న చెల్లెలు "ఆఁ... వస్తున్నా అమ్మగారూ" అని పలికింది. అలా పలకాల్సిన గతి పగవాళ్లకు కూడా వద్దు!

పేరు మారిన కథ పెద్దదేం కాదు. కట్టుకున్నవాడు పిల్ల కడుపులో ఉండగానే చెప్పాపెట్టకుండా పోయాడు. అలాంటివాడి గురించి అంతకుమించి చెప్పుకోవడం కూడా దండగ. పిల్లకు రెండేళ్లొచ్చేదాకా చిన్నది నాలుగిళ్లల్లో పాచిపని చేసింది. ఉప్పుకు చాలితే పప్పుకు చాలేది కాదు. పై దేశంలో ఇంటిపనికి మనుషులు కావాలంటే ఏజెంటు దగ్గరికి వెళ్లింది. వాడు కాగితాలు చూసి పెదవి విరిచాడు. "ఇరవై మూడేళ్లా? కుదరదు. ముప్పై దాటితేగాని ఆడవాళ్లను ఇంటిపనికి పంపరు. మీ ఇంట్లో ముప్పై దాటినవాళ్లెవరూ లేరా?"

ఉంది. అక్క ఉంది. ఇద్దరిదీ ఒకే అచ్చు... అవే కళ్లు, అదే ముక్కు.

"నా కాగితాలు తీసుకుపోవే" అంది అక్క, అదేదో చీర ఇచ్చినట్టు. "నా వయసు నీకిస్తున్నా. నీ ఇరవై మూడూ నాకిచ్చి పో. మీ బావ మురిసిపోతాడు."

"ఉన్న ఒక్క పెళ్లాంతోనే వేగలేక చస్తున్నా, ఇంకో కొత్త పెళ్లామా!" అని బావ అందరినీ నవ్వించాడు.

పక్కన కూర్చోబెట్టుకుని, పాత క్యాలెండరు కాగితం వెనక అక్క తన సంతకం నేర్పింది. పదిసార్లు, ఇరవైసార్లు, తోక మెలిక కూడా తేడా రాకుండా! అలా అక్క కాగితాలు చెల్లెలితో విమానం ఎక్కాయి. చెల్లెలి గుర్తింపు కార్డు అక్క పెట్టెలో మిగిలింది. చిన్నదాని పిల్ల అక్క ఒళ్లో మిగిలింది.

మొదటి నాలుగేళ్లు చిన్నది జీతం కళ్లచూసింది లేదు. "నీ డబ్బు నా బీరువాలో భద్రంగా ఉందిలే" అనేది అమ్మగారు. పిల్లి దగ్గర పాలకుండ ఎంత భద్రమో అంత భద్రం! అడిగితే కొంత, ఏడిస్తే ఇంకొంత ఇంటికి పంపేది. తర్వాత అక్కడి సర్కారు రూలు పెట్టింది. పనిమనిషి జీతం నెలనెలా ఆమె పేరున బ్యాంకులోనే పడాలని, తనిఖీ చేస్తామని చెప్పింది. అమ్మగారు గొణుక్కుంటూనే తీసుకెళ్లి ఖాతా తెరిపించింది. నాలుగేళ్ల బాకీ కూడా భయంతో అందులోనే వేసింది. ఖాతా ఎవరి పేరున? పాస్‌పోర్టులో ఉన్న పేరునే. ఇంటికి పంపాలన్నా అదే పేరున్న ఖాతాకే పంపమన్నారు. అంటే ఇక్కడా అక్కే, అక్కడా అక్కే!

ఆ రోజు బ్యాంకు కార్డును ఫోన్ ముందు పెట్టి, "చూడవే అక్కా, నీ పేరెలా మెరుస్తోందో!" అని చిన్నపిల్లలా గెంతింది చిన్నది.

"పేరు నాది, రెక్కల కష్టం నీది. నువ్వు పంపేది ముట్టుకోకుండా ఇక్కడి ఖాతాలోనే దాస్తున్నాలే. రెండు గదులకు సరిపోగానే వచ్చేయ్ తల్లీ... నీ కూతురు నన్నే అమ్మా అంటోంది. వద్దంటున్నా వినడంలేదు" అంది అక్క. అప్పుడు ఇద్దరూ నవ్వుకున్నారు.

ఆ అక్క ఇప్పుడు లేదు...

"వింటున్నావా చిన్నీ?" ఫోన్లో అమ్మ వెక్కుతోంది. "దాన్ని చేర్చేటప్పుడు కార్డు అడిగారే. దాని కార్డు నీ దగ్గరుందాయె. నీదే చూపించాం. వాళ్ల రిజిస్టరులో ఉన్నది నీ పేరే. పోయింది నువ్వేనని కాగితం రాస్తారట. నిజమేనని మీ బావ సంతకం పెడితేగాని శవాన్ని ఇవ్వరట. ఈయన పెట్టనంటున్నాడు!"

"పెట్టనంటే పెట్టను!" వెనకనుంచి బావ గొంతు విరుచుకుపడింది. "ఏడేళ్లు నా పెళ్లాం తన పేరు తాను చెప్పుకోకుండా బతికింది. ఏ ఆఫీసుకు పోయినా చెల్లెలి కార్డు పట్టుకుని తలొంచుకుని నిలబడింది. చచ్చాకైనా దాని పేరు దానికివ్వరా? ఏం పాపం చేసిందది?"

"నీ కాళ్లు పట్టుకుంటా నాయనా! పెద్దదాని పేరు రాయిస్తే ఖాతాలు మూసేస్తారు. చచ్చినదాని పేరున జీతం ఎవరు తీసుకుంటున్నారని అడుగుతారు. చచ్చినదాని పాస్‌పోర్టుతో ఇది ఇంటికెలా వస్తుంది? జైల్లో వేస్తారయ్యా! ఒక కూతుర్ని మట్టికిస్తున్నా... రెండోదాన్ని కూడా వదులుకోమంటావా?"

ఏడుస్తూనే అమ్మ అడిగింది, "నువ్వు చెప్పవే చిన్నీ... ఎవరి పేరు రాయించమంటావు?"

ఒక కూతురి శవం పక్కన కూర్చుని ఇంకో కూతురిని కన్నతల్లి అడిగిన మాట అది! చిన్నది తన అరచేతులు చూసుకుంది. సబ్బునీళ్లకు పగిలి, గీతలు కూడా చెరిగిపోయిన చేతులు. ఏడేళ్లు తుడిచిన నేలలు, తోమిన గిన్నెలు, మింగిన తిట్లు... అన్నీ ఆ ఖాతాలో ఉన్నాయి. అక్క పేరు రాస్తే అవన్నీ పోతాయి, ఇంటి దారి కూడా మూసుకుపోతుంది. తన పేరు రాస్తే ఖాతా మిగులుతుంది, కానీ తాను మిగలదు. కూతురికి కాగితం మీద తల్లి ఉండదు. తల్లినని చెప్పుకునే నోరు జన్మలో తనకుండదు. ఇక అక్క... ఇంత చేసిన అక్క ఎక్కడా చచ్చినట్టే ఉండదు! చావు కూడా చెల్లెలికే ఇచ్చేసి పోతుందా?

"బావా..." అంది చిన్నది. "అక్క పేరే రాయించు. డబ్బు పోతే పోనీ. నన్ను లోపల వేస్తే వేయనీ. ఏడేళ్లు నాకు అన్నం పెట్టిన పేరు బావా అది... దాని చావును కూడా నేను దొంగిలించలేను."

అవతల కుర్చీ జరిగిన చప్పుడైంది.

"నువ్వు నీ పేరే రాయించమని ఉంటే నీ మీద కోపంతోనైనా బతికేవాణ్ని. ఆ దారి కూడా లేకుండా చేశావు కదే!" అన్నాడు బావ. "నువ్వు లోపలికి పోతే మీ అక్క నన్ను క్షమిస్తుందా? ఆ డబ్బులో ఒక్క రూపాయి తాను వాడుకోలేదు తెలుసా? చెప్పులు తెగితే పిన్నీసు పెట్టుకుని తిరిగింది. అదంతా గంగపాలు చేయమంటావా? ఉండు..."

కాగితం చప్పుడైంది. బావ సంతకం పెట్టాడు. పెళ్లాం పోయిన మగడిగా కాదు, మరదలి శవాన్ని తీసుకుపోయే బావగా.

చిన్నది కళ్లు తుడుచుకునేలోపే అమ్మగారు గుమ్మంలోకి వచ్చింది. "ఏమైంది? ఎందుకేడుస్తున్నావు?"

"మా... మా చెల్లెలు పోయిందమ్మగారూ."

"అయ్యో పాపం!" అంది అమ్మగారు, నిజంగానే బాధపడుతూ. "పోయి కాసేపు పడుకో... ఆ చొక్కా మాత్రం పూర్తిచేసి వెళ్లు. సాయంత్రం అయ్యగారికి కావాలి."

చిన్నది చొక్కా పూర్తిచేసింది.

ఇంకో ఏడాదిన్నరకు ఒప్పందం ముగిసి, జీతమంతా ఇంటి దగ్గరి ఖాతాకు పంపుకుని, అక్క పాస్‌పోర్టుతో అక్క పేరునే దిగి ఇంటికొచ్చింది. అక్కను పూడ్చిన చోట రాయి లేదు. "తప్పు పేరు రాయించడానికి మనసొప్పలేదు. సరైన పేరు రాయించడానికి లేదు. అందుకే రాయే పెట్టలేదు" అన్నాడు బావ. ఆ తర్వాత ఆ సంగతి మళ్లీ ఎత్తలేదు. నవ్వించే మనిషి అసలు మాట్లాడటమే మానేశాడు.

మర్నాడు బ్యాంకుకు వెళ్లారు. అమ్మ, బావ, పదేళ్లు దాటిన కూతురు వెంట వచ్చారు. తన తదనంతరం డబ్బు కూతురికి చెందేలా ఖాతాలో దాని పేరు రాయించాలని చిన్నదాని ఆశ. ఆ ఒక్క గీత కోసమే కదా ఇన్నేళ్లు పడిన చాకిరీ!

గుమాస్తా పాస్‌బుక్కు తిరగేసి బావను చూశాడు. "మీ ఆయనేనాండీ?"

బావ కిటికీ వైపు చూస్తూ "ఆఁ" అన్నాడు.

"ఈ పాప మీకేమవుతుంది?"

చిన్నది నోరు తెరిచింది. ఎనిమిదేళ్లకు పైగా గొంతులో దాచుకున్న మాట నాలుక దాకా వచ్చింది. అమ్మ చటుక్కున ఆమె మోచెయ్యి పట్టుకుంది.

"నాకు పెద్దమ్మ అవుతారండీ" అంది పిల్ల, ఇంట్లో నేర్పినట్టే. అక్కడితో ఆగలేదు. "మా అమ్మ చచ్చిపోయింది..." అంటూ బావురుమంది. బావ చొక్కాలో ముఖం దాచుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఆ ఏడుపు ఎవరూ నేర్పింది కాదు. మాటలొచ్చిన నాటినుంచి అది అమ్మా అని పిలిచిన మనిషి ఆ మట్టిలోనే ఉంది. అక్కడ నిలబడిన నలుగురిలో అబద్ధం చెప్పనిది అదొక్కతే! కన్నతల్లి చెయ్యి దాని తలదాకా వెళ్లి, తాకకుండానే వెనక్కి వచ్చింది.

గుమాస్తా జాలిగా చూసి, 'చెల్లెలి కూతురు' అని రాసుకున్నాడు. కాగితం ఇటు తిప్పి కలం అందించాడు. చిన్నది అక్క పేరు రాసింది, తోక మెలికతో సహా.

అతను పాత సంతకం పక్కన పెట్టి చూసుకున్నాడు. తలూపాడు.

"సరిగ్గా సరిపోయిందమ్మా."