రెండు ట్రాలీల కుర్చీలు

"గంట లేటు! ముందు తల తుడుచుకోండి, తర్వాత తిడతా."

నరసరావుపేటలో వానకు తడిసి టెంట్‌హౌస్‌లోకి అడుగుపెట్టిన సందీప్‌కు దొరికిన స్వాగతం అది. కోపంగా చూస్తూనే తువ్వాలు అందించే అమ్మాయిని ఈ సాఫ్ట్‌వేర్ కుర్రాడు అంతవరకూ చూడలేదు.

"ప్రాబ్లమ్ ఏందండీ?"

"ఒకే పెళ్లికి రెండు ట్రాలీల కుర్చీలు పంపాం. ఇంకో ఇంట్లో చుట్టాలంతా నిలబడి తిన్నారు. పరువు పోయింది" అంది నీరజ.

ఆర్డర్ల పుస్తకంలో పేర్లే లేవు. ఆర్డరిచ్చిన పెద్దమనిషిని ఆమె తండ్రి ఆదినారాయణ 'తమ్ముడు' అని రాసుకున్నాడు. అదే మనిషిని నీరజ 'బాబాయ్' అని రాసింది. ఒక్క మనిషి ఇద్దరైపోయాడు.

సందీప్ పగలబడి నవ్వాడు. నీరజ నవ్వలేదు. పాపం, మధ్యలోనే ఆపేశాడు.

"రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ మాకు కుదరదు. మా పనికి తగ్గట్టు కొత్తగా రాసివ్వండి. ఎన్నాళ్లు పట్టుద్ది?"

"మూడు నెలలు. వారానికి రెండుసార్లు వచ్చి మీతో కూర్చోవాలి."

"రండి" అంది, కాస్త తొందరగానే.

పని అర్థం చేసుకోవడానికి నాలుగుసార్లు వచ్చాడు. నాలుగో రోజు లాప్‌టాప్ మూసేసి, ఆమె వైపు చూడకుండా చెప్పాడు.

"మీకు కొత్తది అక్కర్లేదండీ. రెడీమేడ్‌ది చాలు. ఫోన్ నంబర్ కొడితే మనిషి ఒక్కడేనని అదే పట్టేస్తుంది. రేపే పెట్టేస్తా."

నీరజ ముఖం చిన్నబోయింది. "మరి వరసల సంగతి? బాబాయ్‌ని పేరు పెట్టి పిలిస్తే ఊరుకుంటాడా?"

"ఖాళీ కాలమ్ ఉంది. 'వరస' అని పేరు పెట్టుకోవచ్చు."

"అన్నిటికీ సమాధానం ఉంది మీ దగ్గర! మా ఊరు రావడం అంత కష్టంగా ఉందేంది?"

"కష్టమా? మిమ్మల్ని చూడొచ్చని పొద్దున్నే మా వెల్దుర్తిలో బస్సెక్కుతున్నా. కానీ అందుకోసం అక్కర్లేనిది మీకు అంటగడితే, మళ్లీ మీ మొహం ఎట్టా చూడను?"

నీరజకు ఈ మనిషిని పోనివ్వకూడదని గట్టిగా అనిపించింది.

మర్నాడు సందీప్ రెడీమేడ్ సాఫ్ట్‌వేర్ ఎక్కించాడు. ఆదినారాయణ కూడా పక్కనే కూర్చున్నాడు.

"ఒక పేరు కొట్టి చూడండి" అన్నాడు సందీప్.

నీరజ అతని పేరే కొట్టింది. నంబర్ ఎక్కడా చూడకుండానే కొట్టింది. వరస దగ్గరికి వచ్చేసరికి ఆమె వేళ్లు ఆగిపోయాయి. సందీప్ స్క్రీన్ మీదికి వంగాడు. 'అన్నయ్య' అని పడిందంటే అతని పని అయిపోయినట్టే.

ఆమె 'బావ' అని కొట్టి, స్క్రీన్ తండ్రి వైపు తిప్పింది.

"నాన్నా, తప్పేమన్నా పడిందేమో చూడు."

ఆదినారాయణ కళ్లజోడు పెట్టుకుని చదివాడు. తర్వాత సందీప్‌ను ఎగాదిగా చూశాడు. చేతికొచ్చిన పెద్ద ఆర్డర్‌ను ఈ కుర్రాడు తనంతట తానే వదులుకున్నాడని కూతురు నిన్ననే చెప్పింది.

"తప్పేం లేదు, సేవ్ కొట్టమ్మా" అన్నాడు. "ఏమయ్యా, మీ నాన్న నంబర్ కూడా చెప్పు."