కుడి కన్ను ముందు

అప్పట్లో కంప్యూటర్ తెరలు బూడిదరంగు పెట్టెల్లా లావుగా ఉండేవి. మౌస్ కింద ఓ బంతి ఉండేది. అది మొరాయిస్తే బయటికి తీసి, చొక్కాకి తుడిచి మళ్లీ వేసుకునేవాళ్లు. ఆ రోజుల్లో కళ్లజోళ్ల షాపుకి ప్రోగ్రాం రాసిపెట్టిన కుర్రాడికి తను తయారుచేసిన ఫామ్ అంటే తగని మురిపెం. పేరు, వయసు, కంటి నంబర్లు, ఫ్రేము రకం, ఒక్కోదానికి ఒక్కో గడి చొప్పున ముచ్చటగా పేర్చాడు.

ఆ ఫామ్‌లో టైప్ చేసేది షాపాయన కూతురు. ఎదురుగా కూర్చున్న మనిషి కళ్లు పరీక్షిస్తూ, తెరవైపు కన్నెత్తి చూడకుండానే నంబర్లు టకటకా కొట్టేసేది.

ఒక మధ్యాహ్నం ఆమె భోజనానికి వెళ్లినప్పుడు మనవాడికి చేతులు దురదపెట్టాయి. ఫామ్‌లో కుడి కంటి గడి ఎడమవైపు, ఎడమ కంటి గడి కుడివైపు ఉండటం ఎబ్బెట్టుగా తోచింది. రెండింటినీ పట్టుకుని అటుది ఇటు, ఇటుది అటు లాగాడు. అంతటితో ఆగినా బాగుండేది. ట్యాబ్ నొక్కితే కర్సర్ ఏ గడి తర్వాత ఏ గడిలోకి వెళ్లాలో ఆ వరుస కూడా తిప్పేసి, తన పనితనానికి తానే మురిసిపోయి ఇంటికెళ్లాడు.

వారం తిరక్కుండానే షాపు నుంచి కబురొచ్చింది. వానలో తడుస్తూ పరిగెత్తుకొచ్చిన అతన్ని ఆమె చూసిన చూపుకి చొక్కా అక్కడికక్కడే ఆరిపోయి ఉండాలి.

"కొత్త కళ్లజోడు పెట్టుకుంటే గుమ్మం ఒరిగినట్టుందని డ్రాయింగ్ మాస్టారు తిరిగొచ్చారు. ఆయన వెనకే ఇంకొందరు. కుడి కంటి అద్దం ఎడమకి, ఎడమది కుడికి పడింది. ఫామ్ ఎవరు మార్చారు?"

"నేనేనండీ. ఎడమ కన్ను ఎడమవైపు ఉంటే బాగుంటుందని..."

"ఎవరికి ఎడమ? మనిషి నాకెదురుగా కూర్చుంటాడు. ఆయన కుడి కన్ను నాకు ఎడమవైపే కదా కనిపిస్తుంది. మేం ఎప్పుడూ కుడి కన్నుతోనే మొదలుపెడతాం. ఇకమీద నన్నడక్కుండా ఏదీ మార్చకండి."

అంతలో షాపాయన లోపల్నుంచి వచ్చి తప్పెవరిదని అడిగాడు. కుర్రాడు నోరు తెరిచేలోగా ఆమే అందుకుంది.

"ఇద్దరిదీ నాన్నా. ఆయన చెప్పలేదు, నేను చూడలేదు."

అంత కోపంలోనూ సగం తప్పు తన నెత్తిన వేసుకున్న ఆ పిల్ల మీద అతనికి ఆ క్షణమే మనసు పడింది.

ఆ తర్వాత అతను ప్రతి శుక్రవారం వచ్చి, ఏ గడి కదపాలన్నా ఆమె పక్కన స్టూల్ వేసుకుని, అడిగి మరీ కదిపేవాడు. కస్టమర్‌కిచ్చే రిపోర్టులో అక్షరాలు చీమల్లా ఉన్నాయని, అది కళ్లజోడు లేనివాళ్లు చదవాల్సిన కాగితమని ఆమె గుర్తుచేస్తే, అక్షరాలు పెద్దవి చేశాడు. మరుసటి శుక్రవారం వస్తే, ఆ కాగితం మీద తేదీ వేసే చోటు కాస్త పైకి జరపమంది. ఆ పై శుక్రవారం కిందికే బాగుందంది. అతనూ కిక్కురుమనకుండా కిందికి జరిపాడు. ఒక్క గీత సరిచేయడానికి ఇద్దరూ సాయంత్రమంతా కూర్చునేవాళ్లు. బయట వాన వెలిసిన సంగతి ఇద్దరూ చూసీ చూడనట్టు ఊరుకునేవాళ్లు.

ఇంతలో అతనికి వేరే ఊళ్లో మంచి ఉద్యోగం వచ్చింది. ఆ సంగతీ, తన మనసులో మాటా ఆమెకి చెప్పబోతే రెండుసార్లూ నోటిదాకా వచ్చి ఆగిపోయాయి. నమ్మి గల్లాపెట్టె పక్కనే చోటిచ్చిన పెద్దమనిషి కూతుర్ని ఏ మొహంతో అడగడం? పైగా ఆమె కాదంటే? చివరికి ఉద్యోగం సంగతి షాపాయనకి మాత్రం చెప్పి, ఆఖరి శుక్రవారం ప్రోగ్రాం అప్పగించడానికి వచ్చాడు.

ఆమె తెరవైపే చూస్తూ కూర్చుంది. తెర మీద ఏమీ లేదు.

"నన్నడక్కుండా ఏదీ మార్చొద్దని చెప్పానా లేదా?"

"ఫామ్ ముట్టుకోలేదండీ."

"ఫామ్ సంగతి కాదు. ఊరే మార్చేస్తున్నారట. నాన్న చెప్తే తెలిసింది."

ఆమె గొంతు వణికేసరికి అతని భయం ఎటు పోయిందో పోయింది.

"అడిగితే కాదంటారేమోనని అడగలేదు. మీరంటే నాకు చాలా ఇష్టం. వెళ్లమంటారా, ఉండమంటారా?"

"వెళ్లండి, మంచి ఉద్యోగం వదులుకోకండి. వెళ్లేముందు నాన్నని అడగండి. మీతో నేను కూడా ఆ ఊరు వస్తాను."

వెనక నుంచి షాపాయన దగ్గాడు. చేతిలో అద్దం, తుడిచే గుడ్డ అలాగే ఉన్నాయి.

"నన్నడిగేదేముంది బాబూ? వారం వారం ఆ తేదీని పైకీ కిందికీ ఎందుకు జరుపుతున్నారో నాకు తెలీదనుకున్నారా? ఇన్నేళ్లుగా నేను చూసేది కళ్లే కదా. మీ నాన్నగారిని రమ్మను, మాట్లాడుకుంటాం."

పెళ్లికి డ్రాయింగ్ మాస్టారు కూడా వచ్చారు. కళ్లజోడు సర్దుకుని, గుమ్మం ఈసారి తిన్నగానే ఉందని అందరికీ వినపడేలా చెప్పి దీవించారు.

ఆ లావుపాటి కంప్యూటర్ ఎప్పుడో పోయింది. ఆ ప్రోగ్రాం పేరు కూడా ఇప్పుడెవరికీ తెలీదు. అయినా వాన పడుతున్న శుక్రవారాల్లో అతనికి ఆ స్టూల్ గుర్తొస్తుంది. ఇంట్లో కుర్చీ జరపాలన్నా ఈనాటికీ ఆమెని అడిగే జరుపుతాడు. ఆమె మాత్రం తనకి తోచిన చోటికి జరిపేసి, ఎలా ఉందని తర్వాత అడుగుతుంది.